లెదర్ హ్యాండ్‌బ్యాగ్ ఇంట్లో కుట్టడం: ఏ మిషన్ కొనాలి? పక్కపట్టీ ఎందుకు మిగులుతోంది?

స్వప్న_గుంటూరు
ఇంట్లోనే లెదర్ టోట్ బ్యాగ్ కుట్టే పనిలో ఉన్నాను. వెడల్పు 34 సెం.మీ., ఎత్తు 28, లోతు 10. ముందొకటి వెనకొకటి రెండు ముక్కలు, కింది మూలలు 4 సెం.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా. రెండు పక్కలకీ అడుక్కీ కలిపి ఒకటే పట్టీ, గసెట్ అంటారు కదా, అది. తోలు కోసేముందు రెక్సిన్‌తో నమూనా చేసి చూస్తే రెండు చిక్కులు. కొలతలు సరిగ్గానే వేసినా పట్టీ కొస దగ్గర మూడు చిల్లులు మిగిలిపోతున్నాయి, ఏ వైపు నుంచి మొదలుపెట్టినా అంతే. రెండోది, ఇంట్లో ఉన్న మోటారు మిషన్ రెండు పొరల దాకా లాగుతోంది, హ్యాండిల్ దగ్గర నాలుగు పొరలు రాగానే సూది దిగబడి ఆగిపోతోంది. లెదర్‌కని వేరే మిషన్ కొనాలా? తోలు ఇంకా కొనలేదు. ఎంత మందం, ఎన్ని అడుగులు?

కుట్టుమిషన్_మూర్తి
మిషన్ కొనకండి. ఒక్క బ్యాగుకి అస్సలు వద్దు.

ఇంటి మిషన్ మోటారు 80, 100 వాట్లు ఉంటుంది. బట్టకి చాలు. మెత్తటి క్రోమ్ లెదర్ (క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు) 0.8 నుంచి 1 మి.మీ. మందంలో రెండు పొరలు, అంటే మొత్తం 2 మి.మీ. వరకు లాగుతుంది. అంతకు మించితే మోటారు వేడెక్కుతుంది, సూది వంగి కింద ప్లేటుకి తగులుతుంది, సూదికీ కింది కొక్కేనికీ టైమింగ్ పోతుంది. నాలుగు పొరలు కుట్టాలంటే వాకింగ్ ఫుట్ (పై పొరని కూడా ముందుకి లాగే పాదం) ఉన్న ఇండస్ట్రియల్ మిషన్ కావాలి. దాని బల్లకే సగం గది పోతుంది.

ఆరె_దారం
మూర్తి గారితో ఏకీభవిస్తాను. ఈ కొలతల బ్యాగు రెండు సూదులతో చేత్తో కుట్టడమే మేలు. వెజ్ టాన్, అంటే చెట్ల బెరడు సారంతో ఊనిన (పాడవకుండా శుద్ధి చేసిన) తోలైతే మరీను. మిషన్ కింది పళ్లు దాని మీద అచ్చు పడితే ఇక పోదు.

బందరు_బుజ్జి
మూడు చిల్లుల సంగతి ఎవరూ పట్టించుకోలేదేంటి? స్వప్న గారూ, పట్టీ పొడవు ఎక్కడ కొలిచారు? అంచు మీదా, కుట్టు గీత మీదా?

స్వప్న_గుంటూరు
అంచు మీద. దారం చుట్టూ తిప్పి కొలిస్తే 86.6 సెం.మీ. వచ్చింది. లెక్క వేసినా అంతే.

బందరు_బుజ్జి
అదే కారణం. మీ లెక్క చూద్దాం. ఎత్తు 28లోంచి మూల 4 తీస్తే 24, రెండు పక్కలకీ 48. అడుగు 34లోంచి రెండు మూలలు తీస్తే 26. రెండు పావు వృత్తాలు కలిపి అర వృత్తం, 3.14 ఇంటూ 4, అంటే 12.57. మొత్తం 86.57. అంచు కొలతగా ఇది సరైనదే.

కానీ మీరు కుట్టేది అంచు మీద కాదు. అంచుకి 4 మి.మీ. లోపల. అక్కడ వ్యాసార్ధం 4 కాదు, 3.6. అర వృత్తం 11.31. నిలువు 48, అడ్డం 26 మారవు. మొత్తం 85.3. తేడా పన్నెండున్నర మి.మీ. 4 మి.మీ. ఉలితో, అంటే పళ్ల మధ్య ఎడం 4 మి.మీ. ఉన్న చిల్లులు కొట్టే ఉలితో కొడితే సరిగ్గా మూడు చిల్లులు.

పట్టీ పొడవు 85.3కే కోయండి. లేదా పై కొసల్లో చెరో సెంటీమీటరు అదనంగా ఉంచి, కుట్టు అయ్యాక కోసేయండి. రెండోదే నయం.

స్వప్న_గుంటూరు
మూడు చిల్లులు అలా కచ్చితంగా లెక్కకి దొరుకుతాయని అనుకోలేదు. థాంక్స్ బుజ్జి గారూ. మరి పట్టీ అంచు బయటివైపు తిరగాలి కదా, అక్కడ పొడవు చాలదేమో?

బందరు_బుజ్జి
చాలదు, సాగాలి. మూలల దగ్గర మాత్రమే. అందుకే పట్టీ తోలు ముందు ముక్కల కంటే పలచగా ఉండాలి. ముందు ముక్కలు 1.6 నుంచి 1.8 మి.మీ., పట్టీ 1.2 నుంచి 1.4. వెజ్ టాన్ అయితే మూల వచ్చే చోట స్పాంజితో తడిపి, కుట్టే ముందే బొటనవేలితో వంచి ఆరనివ్వండి. ఆరాక ఆ వంపు అలాగే నిలుస్తుంది. వెడల్పు 10 కాదు, రెండు వైపులా 8 మి.మీ. మడత కలిపి 11.6 కోయాలి.

ఇంకొక మాట. చిల్లులు కొసల నుంచి మొదలుపెట్టొద్దు. ముందు ముక్క అడుగున సరిగ్గా మధ్య గుర్తు పెట్టండి, పట్టీ మధ్యన ఒక గుర్తు. రెండు గుర్తుల నుంచీ ఎడమకీ కుడికీ కొట్టుకుంటూ పైకి రండి. ఒక చిల్లు తేడా వచ్చినా పై కొసకి పోతుంది, అక్కడ కోసేస్తే కనపడదు.

వరంగల్_లత
మూల దగ్గర ఆరు పళ్ల ఉలి కొట్టొద్దు అని కూడా చెప్పుండ్రి. వంపుల మీద రెండు పళ్లదే వాడాలె. ఒక పన్ను ముందటి చిల్లుల పెట్టి, రెండోది కొత్త చిల్లు. ఆరు పళ్లది వంపు మీద పెడ్తే చిల్లులు గీత దాటి బయటికి పోతయ్, అంచు తెగుతది.

పెరియమెట్_శేషు
తోలు గురించి.

చెన్నైలో సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లోనే పెరియమెట్, అక్కడ వీధులకి వీధులే తోలు దుకాణాలు. అంబూరు, వాణియంబాడి, రాణిపేట టానరీల సరుకు ఎక్కువ. వెళ్లగలిగితే వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనండి, ఫొటోలో మందం తెలీదు. అమ్మేది చదరపు అడుగు లెక్కన, అంగట్లో ఉత్తినే అడుగు అంటారు. ప్రతి తోలు వెనక కొలత రాసి ఉంటుంది.

మీ బ్యాగుకి ఎంతంటే: ముందు వెనక ముక్కలు 1,904 చదరపు సెం.మీ., పట్టీ వెయ్యి, భుజానికి వేసుకునే హ్యాండిళ్లు 70 సెం.మీ. పొడవు 2.5 వెడల్పు రెండేసి పొరలతో 700, లోపలి జేబు 300, పై అంచుకి లోపల వేసే పట్టీలు, చిన్న చిన్న ముక్కలు కలిపి ఇంకో 370. మొత్తం సుమారు 4,270. అడుగుకి 929 లెక్కన 4.6 అడుగులు. తోలు తానులా నలుచదరంగా ఉండదు కాబట్టి వృథాకి మూడో వంతు వేసుకుని 6 అడుగులు తీసుకోండి.

మందం ఆశపడొద్దు. 1.6 మి.మీ. అయితే తోలు బరువే సుమారు 600 గ్రాములు. 2.5 మి.మీ. తీసుకుంటే ఖాళీ బ్యాగే కిలో తూగుతుంది. భుజం నొప్పెట్టి ఎవరూ వాడరు.

స్వప్న_గుంటూరు
వెజ్ టాన్ అని అమ్మినది నిజంగా వెజ్ టానేనా అని ఎలా తెలుసుకోవాలి?

పెరియమెట్_శేషు
కోసిన అంచు చూడండి. వెజ్ టాన్ లోపలి దాకా లేత గోధుమ రంగు. క్రోమ్‌కి నడుమ నీలం బూడిద రంగు గీత కనపడుతుంది, పూర్తిగా రంగు దిగినదైతే తెలీదు. రంగు వేయని తోలైతే ఒక నీటిబొట్టు వేయండి, వెజ్ టాన్ వెంటనే పీల్చి నల్లబడుతుంది. ఇంకా అనుమానం ఉంటే గోరంత ముక్క కోసి మరిగే నీళ్లలో వేయండి. వెజ్ టాన్ ముడుచుకుని గట్టిపడిపోతుంది, మంచి క్రోమ్ దాదాపు అలాగే ఉంటుంది. రెక్సిన్ అయితే కాలిస్తే ప్లాస్టిక్ వాసన.

'జెన్యూన్ లెదర్' అని ముద్ర ఉంటే చాలనుకోవద్దు. కింది పొరని చీల్చి పైన ప్లాస్టిక్ పూత వేసినదాన్నీ అలాగే అమ్ముతారు. వేలితో గట్టిగా మడిచి చూడండి, పూత అయితే మడతలో సన్నటి పగుళ్లు తేలతాయి.

లలితా_ఎస్
శేషు గారూ, ఈస్ట్ ఇండియా లెదర్ అని ఒకటి ఉంటుందటగా? తంగేడు చెక్కతో చేస్తారని విన్నాను.

పెరియమెట్_శేషు
అవును. దక్షిణాదిన పాతకాలం నుంచీ తంగేడు చెక్కతో, అంటే బెరడుతో, ఆఖర్న కరక్కాయతో తోలు ఊనేవారు. మన పొలం గట్ల మీద పసుపు పూలు పూసే తంగేడే, తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఇప్పుడు చాలా చోట్ల తుమ్మజాతి వాటిల్ చెక్క సారం వాడుతున్నారు. తమిళనాడు నుంచి దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మేక, గొర్రె, ఆవు, గేదె అన్నీ దొరుకుతాయి. మేకది బ్యాగు లోపలి జేబుకీ అస్తరుకీ చక్కగా సరిపోతుంది, పలచగా ఉన్నా చిరగదు.

అనంత_కళ
మధ్యలో ఒక ప్రశ్న. మా వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలకి వాడే తోలుతో బ్యాగు కుట్టొచ్చా? ఎంత అందంగా ఉంటుందో కదా రంగులేస్తే.

ఆరె_దారం
బ్యాగుకి పనికిరాదు. అది ఊనిన తోలు కాదు, మేకచర్మాన్ని వెంట్రుకలు తీసి గీకి ఆరబెట్టినది. అందుకే వెలుతురు దానిలోంచి వస్తుంది. తడి తగిలితే మెత్తబడి వంకరపోతుంది, మడత పెడితే గీత దగ్గర విరుగుతుంది. దీపాల గొడుగులకి ఆ పని చూసి ముచ్చటేస్తుంది. బ్యాగుకే కావాలంటే ముందు ముక్క మీద చిన్న కిటికీ కోసి వెనకనుంచి అతికించి, చుట్టూ కుట్టి, మడత పడని చోట పెట్టుకోవచ్చు.

డాలస్_తెలుగోడు
అమెరికాలో ఉన్నవాళ్లకి: ఇక్కడ తోలు మందం ఔన్సుల్లో చెప్తారు. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, సుమారు 0.4 మి.మీ. పైన చెప్పిన 1.6 మి.మీ. కావాలంటే 4 ఔన్సులు, 1.2 కావాలంటే 3 ఔన్సులు అడగండి. పెన్సిల్వేనియాలో వికెట్ అండ్ క్రెయిగ్, సెయింట్ లూయీలో హెర్మన్ ఓక్ వెజ్ టాన్‌కి పేరున్నవి. అడిగితే కావలసిన మందానికి చీల్చి పంపేవాళ్లూ ఉన్నారు. చీల్చడం ఇంట్లో అయ్యే పని కాదు, ఆ డబ్బు పెట్టండి.

కృష్ణలంక_కిరణ్
పనిముట్లు ఆన్‌లైన్‌లో 48 రకాల సెట్ దొరుకుతోంది. అది తీసేసుకుంటే సరిపోదా?

వరంగల్_లత
అందుల ముప్పై ఎన్నడు ముట్టరు. కావల్సినయ్ ఇవి: 4 మి.మీ. ఉలులు రెండు పళ్లది ఒకటి, ఆరు పళ్లది ఒకటి. మొద్దు మొన సూదులు నాలుగు. మైనం పట్టించిన పాలిస్టర్ దారం 0.8 మి.మీ. నైలాన్ సుత్తి. 18 మి.మీ. బ్లేడు కట్టర్, స్టీలు స్కేలు. కుట్టు గీతకి పిల్లల జామెట్రీ బాక్సులున్న డివైడర్ చాలు, ఒక కాలు అంచుకి ఆనించి 4 మి.మీ.కి బిగించి గీసుకుంట పోవాలె. గంతే.

ఇనుప సుత్తితోని ఉలి మీద కొట్టొద్దు. తల విచ్చుకుంటది, పండ్లు పక్కకి ఒరుగుతయ్.

ఆరె_దారం
లత గారి జాబితాకి ఒక ఆరె కలపండి. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర ఉండేదే. ఉలి చిల్లు రెండో పొరలోకి సరిగ్గా దిగనప్పుడు ఆరెతో తెరుచుకోవాలి. సూదిని బలవంతంగా పొడిస్తే బెజ్జం దగ్గర విరుగుతుంది.

దారం, చిల్లు జతపడాలి. 4 మి.మీ. ఎడానికి 0.8 దారం. 3 మి.మీ.కి 0.55 లేదా 0.6. ఎడం తక్కువ, దారం లావు అయితే కుట్టు గుత్తుగా ఉబ్బుతుంది, చిల్లుల మధ్య తోలు సన్నబడి తెగుతుంది.

బెజవాడ_భాను
చెప్పేవాళ్లంతా మైనం మైనం అంటారు, ఎందుకది? మామూలు నైలాన్ దారం చాలదా?

ఆరె_దారం
మైనం వల్ల లాగిన కుట్టు లాగిన చోటే నిలుస్తుంది, మీరు రెండో సూది తీసుకునేలోపు వదులవ్వదు. చిల్లులో రాపిడి కూడా తగ్గుతుంది. ఉత్త దారమే ఉంటే తేనెమైనం ముద్ద మీద రెండు మూడుసార్లు లాగండి చాలు.

స్వప్న_గుంటూరు
దారం ఎంత పొడవు తీసుకోవాలి? చివర్లో చాలకపోతే ఏం చేయాలి?

బందరు_బుజ్జి
ఒక్కో కుట్టుకి రెండు దారాలు, ఒక్కోటి ఎడం ఎంతో అంత, మందం ఎంతో అంత తింటుంది. ఎడం 4, రెండు పొరలు కలిపి మందం 3 అనుకుంటే కుట్టుకి 14 మి.మీ. అంటే గీత పొడవుకి మూడున్నర రెట్లు. మీ 85 సెం.మీ.కి మూడు మీటర్లు, సూదులకి చెరో ముప్పై సెం.మీ., మొత్తం 3.6 మీటర్లు. అంత పొడవు ఒక్కసారే పెట్టుకుంటే ప్రతి కుట్టుకీ చేతులు బారలు చాచాలి, దారం చిక్కుపడుతుంది, పోగు లేస్తుంది. అడుగు మధ్య నుంచి ఒక పక్కకి రెండుంబావు మీటర్లు, ఇంకో పక్కకి రెండుంబావు మీటర్లు వేసుకోండి. కలిసే చోట మూడు కుట్లు ఒకదాని మీద ఒకటి. అతుకు మూల మీద మాత్రం పడకూడదు.

చివర్లో రెండు చిల్లులు వెనక్కి కుట్టి, దారం 2 మి.మీ. వదిలి కోసి, లైటర్ మంట పక్కన పెట్టి కరగనిచ్చి, చల్లటి ఇనుముతో నొక్కండి. మంట తోలుకి తగలకుండా. లినెన్ దారం కరగదు, దానికి జిగురు చుక్క.

చిత్తూరు_హేమ
కుట్టు ముందువైపు వాలుగా చక్కగా వస్తుంది గానీ అక్కడక్కడ ఒక కుట్టు అడ్డంగా పడుకుంటోంది. ఎందుకు?

ఆరె_దారం
హేమ గారూ, ఆ ఒక్క చిల్లులో దారాల వరస మారింది. అంతే.

ఎలా ఉండాలో చూడండి. బ్యాగు ముందువైపు మీ కుడిచేతి దిక్కున ఉండేలా మోకాళ్ల మధ్య బిగించండి. ఎడమ సూది ముందు దూరి కుడి వైపుకి వస్తుంది. దాన్ని బయటికి లాగి, దాని దారాన్ని ఒక పక్కకి పట్టి ఉంచి, కుడి సూదిని అదే చిల్లులో ఆ దారానికి ఇవతలి పక్కన, అంటే మీకు దగ్గరగా దించండి. మొదటి చిల్లులో ఇవతల పెడితే ఆఖరి చిల్లు దాకా ఇవతలే. ఒక్కచోట అవతలికి పోయినా అక్కడ కుట్టు పడుకుంటుంది.

రెండో సూది మొదటి దారాన్ని పొడిచేయడం ఇంకో గొడవ. అప్పుడు ఎంత లాగినా బిగవదు. రెండో సూది దూర్చగానే మొదటి దారాన్ని కాస్త వెనక్కి లాగి చూడండి, కదిలితే పొడవలేదు, కదలకపోతే సూది వెనక్కి తీయాలి. లాగడం రెండు చేతులూ ఒకే బలంతో, ఒకసారి, తోలు నొక్కుకునే దాకా. మెత్తటి క్రోమ్ మీద ఎక్కువ లాగితే అంచు అలలుగా ముడతపడుతుంది.

కుట్టుమిషన్_మూర్తి
చేతికుట్టే గొప్పదని అందరూ ఒకటే రాస్తున్నారు కాబట్టి ఒక మాట. మిషన్ కుట్టు ఒకచోట తెగితే మొత్తం ఊడిపోతుందంటారు. పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒక దారం తెగితే పక్క కుట్లు వదులయ్యే మాట నిజమే. కానీ బాండెడ్ నైలాన్ దారంతో బిగుతు సరిగ్గా పెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. దుకాణాల్లో అమ్మే బ్యాగులు దాదాపు అన్నీ మిషన్ కుట్టే.

అస్తరు, జిప్పు జేబు, పలచటి క్రోమ్ లోపలి ముక్కలు మీ ఇంటి మిషన్ మీదే కుట్టుకోండి. తోలు సూది అడగండి, మొన కత్తిలా కోసేది, నంబర్ 16 లేదా 18. కుట్టు పొడవు మూడున్నర నుంచి 4 మి.మీ. 3 కంటే తగ్గిస్తే చిల్లుల వరస పోస్టల్ స్టాంపు చింపినట్టు చినుగుతుంది. తోలు పాదానికి అంటుకుంటే పైన ట్రేసింగ్ పేపర్ వేసి కుట్టి చింపేయండి, లేదా టెఫ్లాన్ పాదం. రివర్స్ కుట్టొద్దు, దారాల కొసలు వెనక్కి తీసి ముడి వేయండి. గుండుసూదులు అస్సలు గుచ్చొద్దు, చిల్లు ఉండిపోతుంది. క్లిప్పులు వాడండి.

ఆరె_దారం
అస్తరు వరకు ఒప్పుకుంటాను. హ్యాండిల్, పక్కపట్టీ మాత్రం చేతికుట్టే. అక్కడ రెండు దారాలూ విడివిడిగా ప్రతి చిల్లులోంచీ పోతాయి, ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది.

లలితా_ఎస్
హ్యాండిల్ ఊడిపోవడమే ఎక్కువ చూస్తాం. రివెట్ కొడితే చాలా, కుట్టాలా?

బందరు_బుజ్జి
రెండూ. ఊడేది దారం తెగి కాదు, తోలు చిరిగి. హ్యాండిల్ కొసన అడ్డంగా ఒక్క వరసే కుడితే బరువంతా ఆ ఆరు చిల్లుల మీద పడి, అక్కడ గీత గీసినట్టు చిరుగుతుంది. నిలువుగా రెండు వరసలు, ఒక్కోటి కనీసం 4 సెం.మీ., పైనా కిందా అడ్డం కలిపి పెట్టెలా కుట్టండి. హ్యాండిల్ కుట్టే చోట బ్యాగు ముక్కకి లోపలివైపు 5 సెం.మీ. చదరం తోలు అతికించి, దాన్ని కూడా కలిపి కుట్టాలి. ఆ చిన్న ముక్క లేని బ్యాగులే రెండో ఏడు చిరుగుతాయి.

రివెట్ కాడ పొడవు అన్ని పొరల మందం కంటే 2, 3 మి.మీ. ఎక్కువ ఉండాలి. మరీ పొడవైతే వంకరగా నలుగుతుంది, పొట్టిదైతే పట్టదు. పోత జింకు మీద పూత వేసినవి కాకుండా ఇత్తడివే తీసుకోండి. డి రింగులు కూడా అంతే.

పెరియమెట్_శేషు
హ్యాండిళ్లు తోలు వీపు మీంచి, వెన్నెముకకి సమాంతరంగా కోయండి. పొట్ట వైపు తోలు సాగుతుంది. రెండు హ్యాండిళ్లలో ఒకటి వీపు నుంచి, ఒకటి పొట్ట నుంచి వస్తే నెల తిరిగేలోపు ఒకటి పొడుగవుతుంది. పొట్ట ముక్కలు జేబులకి, లోపలి పట్టీలకి వాడుకోండి. చేత్తో రెండు వైపులకీ లాగి చూస్తే సాగే చోటు ఇట్టే తెలుస్తుంది.

కృష్ణలంక_కిరణ్
కుట్టే ముందు అతికించడానికి తెల్ల ఫెవికాల్ వాడొచ్చా?

బెజవాడ_భాను
వద్దు, ఎండాక గట్టి పలకలా అవుతుంది. ఉలి దిగదు, వంచితే పెళుసుగా విరుగుతుంది. ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు చెప్పుల షాపుల సామాను అమ్మే చోట దొరుకుతుంది. రెండు వైపులా పలచగా రాసి పది, పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటకుండా ఉన్నప్పుడు కలపాలి. తడిగా కలిపితే పట్టదు. కలిపాక జరపలేరు కాబట్టి ఒక మూల నుంచి మెల్లగా.

కిటికీలు తెరిచి చేయండి, పొయ్యి దగ్గర అస్సలు వద్దు. ఆవిరి మండుతుంది, తల తిరుగుతుంది.

వరంగల్_లత
భాను చెప్పినదానికి ఇంకొకటి. నున్నటి దిక్కు మీద జిగురు పట్టది. అతికే చోట 6 మి.మీ. మేర శాండ్‌పేపర్‌తోని గరుకు చెయ్యాలె. అంతకన్న ఎక్కువ గీకితే కుట్టు బయట గీతలు కనపడ్తయ్.

చిత్తూరు_హేమ
అపార్ట్‌మెంట్‌లో సుత్తి చప్పుడుకి కింది వాళ్లు గోల పెడతారు. ఉపాయం?

ఆరె_దారం
గ్రానైట్ ముక్క మీద వంటింటి నైలాన్ కోత పలక, దాని కింద మడిచిన దుప్పటి. బల్ల నడిమధ్యన కాకుండా కాలికి సరిగ్గా పైన పెట్టి కొట్టండి, బల్ల మోగదు, దెబ్బ కూడా వృథా కాదు. ఉలి పళ్లకి తేనెమైనం రుద్దితే రెండు దెబ్బలకే దిగుతుంది. తీసేటప్పుడు పక్కలకి ఊపొద్దు, తోలుని ఎడమ చేత్తో అదిమి నిట్టనిలువుగా లాగాలి.

స్వప్న_గుంటూరు
అంచులు నున్నగా రావాలంటే? రెక్సిన్‌కి ఆ బాధే లేదు గానీ తోలు అంచు నూగులా ఉంటుందంటున్నారు.

బందరు_బుజ్జి
వెజ్ టాన్ అయితే ముందు అంచు మొనలు రెండు వైపులా బెవెలర్‌తో సన్నగా తీసేయాలి. తర్వాత శాండ్‌పేపర్ 240, 400, 600 వరసగా. ఆ పైన నీళ్లు కొంచెం తడిపి, టోకోనోల్ లాంటి అంచు నున్నచేసే క్రీము గానీ ట్రాగకాంత్ జిగురు గానీ పలచగా రాసి, గాడి ఉన్న కర్రతో గానీ కాన్వాస్ గుడ్డతో గానీ గట్టిగా, వేడి పుట్టేలా రుద్దాలి. మెరుపు వచ్చాక మళ్లీ 600, మళ్లీ జిగురు, మళ్లీ రుద్దడం. రెండు దఫాలకి గాజులా తయారవుతుంది. నీళ్లు ఎక్కువైతే అంచు నల్లబడి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది.

క్రోమ్ ఎంత రుద్దినా ఇలా రాదు. దానికి ఎడ్జ్ పెయింట్, పలచగా మూడు నాలుగు పూతలు, ప్రతి పూత ఆరాక 400తో తేలిగ్గా గీకి. ఒక్కసారే మందంగా వేస్తే వంపుల దగ్గర పగిలి తొక్కలా లేస్తుంది.

లలితా_ఎస్
క్రోమ్ అయితే అంచు మడిచి కుడితే పెయింట్ గొడవే ఉండదు కదా?

బందరు_బుజ్జి
ఉండదు, కానీ మడిచే మేర 12 మి.మీ. వెడల్పున సగం మందానికి చెక్కి పలచన చేయాలి. చెప్పులు కుట్టేవాళ్ల రంపె ఉంటుంది చూడండి, అడ్డంగా వెడల్పుగా, దానికి మించినది లేదు. పదును లేకపోతే తోలు కోయదు, లాగి చింపుతుంది. రాయి మీద నూరి, తోలు పట్టీ మీద పాలిష్ రాసి సాన పెట్టాకే ముట్టుకోవాలి. నేర్చుకోవడానికి పారేసే ముక్కలు వాడండి.

ఆరె_దారం
వరస మర్చిపోవద్దు, అసలు కష్టమంతా అక్కడే వస్తుంది. బ్యాగు నిలబడ్డాక లోపలికి సుత్తి పోదు. కాబట్టి ముక్కలు బల్ల మీద చదునుగా ఉన్నప్పుడే జేబు, మ్యాగ్నెట్ బటన్, హ్యాండిల్ కొసలు అన్నీ కుట్టేయాలి. పై అంచులు, జేబు పై అంచు కూడా అప్పుడే రుద్ది పూర్తి చేయాలి. ఆ తర్వాతే పక్కపట్టీ. అది కుట్టాక కలిసిన అంచులు రెండూ కలిపి ఒకేసారి గీకి రుద్దాలి, విడివిడిగా ముందే చేస్తే అతుకు గీత కనపడుతుంది.

ముందు దళసరి అట్టతో నమూనా కోసుకుని, చిల్లుల గీత, మధ్య గుర్తులు అన్నీ దాని మీదే వేసుకోండి. తోలు మీద పెన్నుతో గీయొద్దు, ఆరెతో సన్నగా గీరితే చాలు.

కృష్ణలంక_కిరణ్
మ్యాగ్నెట్ బటన్ ఎక్కడ పెట్టాలి? పై అంచుకి ఎంత కింద?

వరంగల్_లత
3 సెం.మీ. కింద, నడిమిట్ల. లోపలేసే పట్టీకి పెట్టాలె, ముందటి ముక్కకి కాదు, లేకుంటే కాళ్లు బయటికి ఉబ్బుతయ్. వెనక 4 సెం.మీ. తోలు ముక్క పెట్టి కాళ్లు బయటి దిక్కు మడిచి, మీద ఇంకో పలచటి ముక్క అతికియ్యాలె.

స్వప్న_గుంటూరు
చాలా చెప్పారు అందరూ. మిషన్ ఆలోచన మానేశాను. ఒక్క సందేహం మిగిలింది. అడుగు జారిపోకుండా లోపల ఏం వేయాలి? అట్ట వేస్తే తడికి పాడవుతుందేమో.

పెరియమెట్_శేషు
అట్ట వద్దు. 1.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు, 26 ఇంటూ 9.5 సెం.మీ., మూలలు గుండ్రంగా కోసి, అస్తరు గుడ్డతో తొడుగు కుట్టి అడుగున పడేయండి. అతికించొద్దు, తీసి దులుపుకోవచ్చు. తోలుకీ అస్తరుకీ మధ్య జిగురుతో అంటిస్తే వంగినప్పుడు అడుగున బుడగలు తేలతాయి.

కాకినాడ_రవి
వానాకాలం బూజు పడుతుంది మా వైపు. కొబ్బరినూనె రాయొచ్చా?

ఆరె_దారం
కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, చలికాలం తోలు మీద తెల్లటి పొర తేలొచ్చు. పైగా లేత రంగు వెజ్ టాన్ మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) గుడ్డకి రెండు చుక్కలు అద్ది తుడవండి, ఏడాదికి ఒకటి రెండుసార్లు. నూనె ఎక్కువైతే తోలు సాగిపోతుంది.

బూజుకి నూనె మందు కాదు, గాలి మందు. ప్లాస్టిక్ కవర్లో పెట్టకుండా నూలు సంచిలో పెట్టి, లోపల కాగితం కుక్కి, సిలికా పొట్లాలు రెండు వేయండి. బూజు పడితే పొడిగుడ్డతో బయట గాలిలో దులిపి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే వెజ్ టాన్ రంగు మారుతుంది, బిరుసెక్కుతుంది.

కాకినాడ_రవి
ఇత్తడి రింగుల దగ్గర తోలు ఆకుపచ్చగా మారడం కూడా బూజేనా?

పెరియమెట్_శేషు
కాదు, అది చిలుము. తోలులో ఉన్న నూనెలు, తడి ఇత్తడితో కలిసి పుడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పొడిగుడ్డతో తుడిచేయండి, రింగు కింద తోలు మీద పలచగా మైనం రాస్తే మళ్లీ త్వరగా పట్టదు.